కుసుమ నూనె డబ్బా

కిందటి నెల గోరేబాళ అనే పల్లెలో, నా కళ్ళ ముందే, నాకోసం కాల్చిన జొన్నరొట్టె నుంచి ఒక ముక్క తుంచి, నాకోసం కారంలో పోసిన కుసుమ నూనెలో అద్ది, ఆ ఇంటి పెద్దావిడ ముందు తాను తిన్నది. తిని, కాసేపు ఊరకే కూర్చుని, అప్పుడు కంచం నా వైపు జరిపింది. ఆమె కోడలు సిగ్గుతో ముడుచుకుపోయింది. "ఏమనుకోకు పెద్దమ్మా. మా అత్త గంతే. ఎంత పెద్దోళ్ళు ఇంటికొచ్చినా ముందు తనే తింటది. ఎంగిలని చెప్పినా ఇనది" అని నా చెవిలో చెప్పింది. నేనేమీ అనుకోలేదు. ఆ పెద్దావిడ, ఈరమ్మ, అలా ఎందుకు చేస్తుందో తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయి, చివరికి ఆమె, నేను మిగిలాం. కొడుక్కి సగం తెలుసు. కోడలికి ఏమీ తెలియదు. యాభై ఏళ్ళుగా కాపురం చేస్తున్న ఇంట్లో ఒక మనిషి రోజూ చేసే పనికి కారణం ఎవరూ అడగకపోవడం విచిత్రమే, కానీ ఆడవాళ్ళు వంటింట్లో చేసే పనులకు కారణాలుంటాయని ఎవరు అనుకుంటారు గనక.

నేను వెళ్ళడానికి కారణం ఆమె కొడుకు తిమ్మప్ప. హైదరాబాదులో మా ఫ్లాటుకు వెతుక్కుంటూ వచ్చి, "అమ్మ నిన్ను ఒక్కసారి చూస్తనంటున్నది, పెద్దమ్మా. జర వచ్చిపో" అన్నాడు. నా మోకాళ్ళ సంగతి చెప్పాను. మోకాళ్ళకు కూడా కారు తెచ్చానన్నాడు. రాయచూరు దాటి సింధనూరు దారి పట్టాక, కాలువ పక్కన ఆ పచ్చని వరి చూస్తూ, నాకు మా నూనె దుకాణం గుర్తొచ్చింది, దాని వెనక మా అవ్వ, అవ్వ వెనక నా చదువు. అన్నీ ఒకే గదిలో ఉన్నట్టు కలిసే గుర్తొస్తాయి నాకు.

రాయచూరు బజారులో మాది నూనె దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెండిటి మధ్య డబ్బాల గది. పల్లీ నూనె, నువ్వుల నూనె, కుసుమ నూనె, ఆముదం. ఆ గదిలో కిటికీ లేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు నేల మీద చల్లగా ఉంటుందని పిల్లలం అక్కడే పడుకునేవాళ్ళం, లేచేసరికి జడలకు గానుగ పిండి వాసన పట్టేది. బడిలో నా పక్క బల్లమీద పిల్ల నన్ను 'తెలకపిండి' అని పిలిచేది. ఆ గదికి నాన్న పేరుకే యజమాని, అధికారమంతా మా అవ్వది, అంటే నాన్నగారి తల్లిది. ఏ నూనె డబ్బా ఆ నూనెకే. డబ్బా పిడికి గుడ్డపీలిక కట్టి ఉండేది. ఆముదానికి నల్లది, నువ్వుల నూనెకు తెల్లది. నల్ల పీలిక డబ్బాను ఇంకో నూనెకు వాడితే అవ్వ ఆ పూట ఎవరికీ అన్నం పెట్టేది కాదు.

దానికీ ఒక కథ ఉంది. దుకాణంలో పని చేసే ఒకతను తొందరలో, ఖాళీ అయిన ఆముదం డబ్బాను బాగా తోమించి, అందులో నువ్వుల నూనె నింపి ఒక పెళ్ళివారికి పంపాడు. వాళ్ళు ఆ నూనెతో అరిసెలు వండారు. తర్వాత మగపెళ్ళివారి పరిస్థితి ఏమైందో నేను రాయను. నాన్న వెళ్ళి అందరి కాళ్ళూ పట్టుకుని వచ్చాడు. అవ్వ ఆ డబ్బా తెప్పించి మా అందరినీ కూర్చోబెట్టింది. బూడిదతో తోమించింది, చింతపండుతో తోమించింది, వేడినీళ్ళు పోయించింది, ఎండబెట్టించింది. వాసన చూడమంది. ఏ వాసనా లేదు. తర్వాత అందులో గోరువెచ్చని నువ్వుల నూనె పోసి మర్నాటిదాకా ఉంచి మళ్ళీ వాసన చూడమంది. ఆముదం. "గీ మడత చూసిన్రా" అని డబ్బా అడుగున రేకు మడిచి అతికిన అంచు మీద గోరుతో గీసింది. "దీంట్ల ఉంటది. నీళ్ళకు రాదు. నూనె పోస్తె నూనెల కలుస్తది." నేనప్పుడు పావడాలు వేసుకునే వయసులో ఉన్నాను. ఆ మాట నాకు విద్యలా కాదు, ఇంటి చాదస్తంలా అనిపించింది.

పెద్దయ్యాక నేను కెమిస్ట్రీ చదివాను. ఉత్తరాదిలో ఒక విశ్వవిద్యాలయంలో నేరపరిశోధనకు పనికొచ్చే శాస్త్రం చెప్తున్నారని తెలిసి అక్కడ ఎమ్మెస్సీలో చేరాను, అది అయ్యాక పరిశోధనకు అక్కడే ఉండిపోయాను. ఇది పోలీసు కచేరిలో కూర్చుని చేసే నౌకరీకి దారి అని నాన్న అనుకున్నాడు, నేనూ దిద్దలేదు. అవ్వ మాత్రం ఒకటికి పది అడిగి అసలు సంగతి లాగింది. చనిపోయినవాళ్ళ పేగులూ కాలేయమూ సీసాల్లో వస్తాయని, వాటిలో విషం ఉందో లేదో చూడటమే మా పని అని చెప్పాను. "కరాబు గావా మరి?" అంది. చిక్కటి ఉప్పునీళ్ళలో వేసి పంపుతారన్నాను. "మన నిమ్మకాయ లెక్కన" అని కాసేపు ఆలోచించింది. ఆ రోజు నుంచి నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఊరగాయ జాడీ అటక ఎక్కేది. నా సంబంధాల కోసం వచ్చినవాళ్ళతో నాన్న "అమ్మాయి కెమిస్ట్రీ" అని ఊరుకునేవాడు. అవ్వ తలుపు చాటు నుంచి, "సచ్చినోళ్ళ కెమిస్ట్రీ" అని పూర్తి చేసేది. నేను చదువు పూర్తి చేయగలగడానికి ఆ మాట చాలా సాయపడింది.

అవి కాలువ నీళ్ళు కొత్తగా పారుతున్న రోజులు. జొన్నలూ కుసుమలూ పండే నల్లరేగడిలో వరి నాట్లు పడుతున్నాయి. కోస్తా నుంచి వచ్చిన రైతులు కాలువ వెంట క్యాంపులు వేసుకున్నారు. వరితో పాటు పురుగూ వచ్చింది, పురుగుతో పాటు ఎండ్రిన్ అనే పురుగుమందు వచ్చింది. పల్లెల్లో దాన్ని ఉత్త 'మందు' అనేవారు. మా ప్రయోగశాలకు వచ్చే సీసాల్లో కూడా ఆ మందే ఎక్కువగా కనిపిస్తుండేది. అందుకే మా గురువుగారు నాకు ఆ పని అప్పగించారు. ఉప్పునీళ్ళలో ఉన్న శరీర భాగాల్లో ఎండ్రిన్ ఎంతకాలం నిలుస్తుంది, దాన్ని ఎలా పట్టుకోవాలి. ఆయన బెంగాలీ, మితభాషి, టీలో పంచదార కలపడం కూడా మరచిపోయే మనిషి. పట్టుకునే పద్ధతి చూడటానికి ముగ్గులా ఉండేది. గాజు పలక మీద తెల్లటి పొడి పలుచగా పూసి ఆరబెట్టి, అడుగున మనకు అనుమానం ఉన్న రసం చుక్క పెట్టి, పలకను ద్రావకంలో నిలబెడతాం. ద్రావకం పైకి పాకుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తుకు మోసుకుపోయి వదిలేస్తుంది. తర్వాత పలక మీద వెండి ఉప్పు కలిపిన నీళ్ళు చల్లి ఎండలో పెడితే, ఎండ్రిన్ ఉన్నచోట బూడిదరంగు మచ్చ తేలుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో మా గురువుగారు ఆకాశం వంక చూసి నిట్టూర్చేవారు. మా రాయచూరు ఎండ గురించి నేను ఆయనకు గొప్పలు చెప్పేదాన్ని.

ఒక ఎండాకాలం సెలవుల్లో ఇంటికొచ్చి ఉండగా, మధ్యాహ్నం బాలమ్మ వచ్చి మా అరుగు మీద కూలబడింది. బాలమ్మ మా పెరట్లో పల్లీలు చెరిగేది. చిన్నప్పుడు ఆమె వెంట కూతురు ఈరమ్మ వచ్చేది. ఈరమ్మదీ నాదీ ఒకే ఈడు. పల్లీల కుప్ప మీద పక్కపక్కనే కూర్చుని, ఆమె చేటతో చెరుగుతుంటే నేను ఎక్కాలు వల్లించేదాన్ని. ఎక్కాలు నాకంటే ముందు ఆమెకే వచ్చాయి. ఆమెను గోరేబాళ ఇచ్చారు. పెనిమిటి హనుమంతు క్యాంపు రైతు దగ్గర జీతానికి ఉండేవాడు.

"చిన్నమ్మా, నువ్వు సావుల చదువు చదువుతున్నవంట గదా" అంది బాలమ్మ. "నా బిడ్డను జేల్ల పెట్టిన్రు. అత్తకు మందు పెట్టిందంట. పాలు తాగే పిలగాడు గూడ లోపల్నే ఉన్నడు."

అవ్వ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. బాలమ్మ తాగుతూ ఆగుతూ చెప్పింది. ఆ రోజు హనుమంతు నీటి వంతుకు కాలువ మీదికి పోయాడు. ఇంట్లో అత్త తిమ్మవ్వ, ఈరమ్మ, పసివాడు. ఈరమ్మ అత్తకు రొట్టె పెట్టింది. తిన్న కాసేపటికి తిమ్మవ్వకు మూర్ఛలు వచ్చాయి. బండి కట్టేలోపే పోయింది. డాక్టరు కోశాడు, సీసాలు పోయాయి, మందు ఉందని రాత వచ్చింది. అంతకు ముందురోజే అత్తాకోడళ్ళకు నీళ్ళ కాగు దగ్గర మాటామాటా అయిందని ఇరుగుపొరుగు చెప్పారు. ఇక పోలీసు జమేదారు పట్టుకున్న ప్రశ్న ఒకటే. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, ఒకే రొట్టె, ఒకే కూర. అత్త తిన్నది. నువ్వెందుకు తినలేదు?

"నా బిడ్డ ఏమన్నదో ఎరుకేనా" అంది బాలమ్మ. "అత్త తినకముందు కోడలు తింటదా సారూ, అన్నది. జవాబు దొరకక గట్ల అంటున్నదని రాసుకున్నరంట."

నాకు వచ్చినంత కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మా ఇంట్లో మాత్రం ఏం జరిగేది. మగవాళ్ళు తిన్నాక అవ్వ, అవ్వ తిన్నాక అమ్మ, అమ్మతో నేను. ఈ దేశంలో ఏ కోడలు అత్త కంటే ముందు కంచం పెట్టుకున్నా ఊరంతా ఆమెను ఆడిపోసుకుంటుంది. చివర తినమని నేర్పింది వాళ్ళే, చివర తిన్నందుకు నేరమంటున్నదీ వాళ్ళే. అవ్వ కూడా, "గట్లయితే మనందరిని జేల్ల ఎయ్యాలె" అని గొణుక్కుంది.

కోపం దిగాక చదువు పనిచేయడం మొదలుపెట్టింది. తిమ్మవ్వ ఏమేం తిన్నదని అడిగాను. జొన్నరొట్టె, పుంటికూర, పల్లీ కారం. కారంలో పచ్చి నూనె. నూనె తేలుతూ ఉండకపోతే తిమ్మవ్వకు ముద్ద దిగదట. ఆ పాత ఊళ్ళలో ముసలివాళ్ళందరికీ అదే అలవాటు. కూరలో పడేది చెంచాడు, కారంలో పోసుకునేది గరిటెడు. ఏ నూనె అన్నాను. కొత్త కుసుమ నూనె. గానుగ ఆడించుకొచ్చి కొన్ని రోజులైంది, కుండలో పాతది అయిపోతే ఆ పొద్దే డబ్బా మూత తీశారు. కొత్త నూనె ఇంట్లో పెద్దవాళ్ళకే ముందు పోయాలి కదా.

"డబ్బా ఏడిది బాలమ్మా?"

"పొలంకాడిదే. క్యాంపు రెడ్డి, మందు కొట్టుడయినంక, తీసుకపోరా హనుమంతూ అని ఇచ్చిండంట. మస్తు మంచి డబ్బా. మూత గట్టిగ ఉంటది. నా బిడ్డ బూడిదతోని తోమి, చింతపండుతోని తోమి, ఎండకు పెట్టి, వాసన గూడ చూసింది. అద్దం లెక్కన చేసింది."

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ అప్పటికే నా వైపు చూస్తోంది. డబ్బాల గదిలో నల్లపీలిక డబ్బా మా ఇద్దరికీ ఒకేసారి కనబడి ఉంటుంది.

ఆ రోజుల్లో మందు డబ్బా అంటే కాలువ కింది ఊళ్ళలో గొప్ప వస్తువు. కుండలు పగిలే ఇళ్ళలో పగలని సామాను. మా అదృష్టమో, తిమ్మవ్వ పోతూ పోతూ కోడలికి చేసిన ఉపకారమో, మైల ఇంట్లో తెరిచిన నూనె ఎవరూ ముట్టరు గనక ఆ డబ్బా ఉట్టి కింద అలాగే ఉండిపోయింది. జమేదారు రొట్టె ముక్కలూ, మూలనున్న మందు సీసా తీసుకుపోయాడు గానీ తళతళలాడే నూనె డబ్బా జోలికి పోలేదు. నాన్న తనకు తెలిసిన వకీలును పెట్టాడు. వకీలు అర్జీ పెట్టి డబ్బాను పరీక్షకు పంపించాడు. నూనెలో ఎండ్రిన్ ఉందని తేలింది. బాలమ్మ ఆ కబురు విని ఏడ్చింది, ఎందుకంటే అవతలి వకీలు వెంటనే, నూనెలో కూడా ఆమే పోసింది అన్నాడు.

నేను సెలవులు తగ్గించుకుని, క్యాంపుల్లో దొరికిన ఖాళీ మందు డబ్బాలు తాడుతో కట్టుకుని రైలెక్కాను. టికెట్ కలెక్టరు నన్ను నూనె వ్యాపారి అనుకున్నాడు, పూర్తిగా తప్పు కూడా కాదు. హాస్టలు పెరట్లో కొంగు బిగించి కూర్చుని వాటిని బూడిదతో, చింతపండుతో తోముతుంటే తోటి విద్యార్థులు వంటమనిషి ఉద్యోగానికి అభ్యాసమా అని నవ్వారు. మా గురువుగారు నవ్వలేదు. గిన్నె తోమడం జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చేతులు కట్టుకుని చూశారు. తోమిన డబ్బాలో నీళ్ళు పోసి పరీక్షిస్తే పలక తెల్లగానే ఉంది. కుసుమ నూనె పోసి కొన్నాళ్ళుంచి, నూనె నుంచి మందును వేరుచేసి పరీక్షిస్తే, ఎండలో పెట్టిన పలక మీద మచ్చ తేలింది. ఎండ్రిన్ ఎక్కువ అక్కర్లేదు, ముసలి ప్రాణానికి ఆ గరిటెడు నూనె చాలు. ఈరమ్మ డబ్బాలో దొరికినదీ అంతే మోతాదు. ఎవరైనా చేత్తో పోసి ఉంటే అంతకు ఎన్నో రెట్లు ఉండేది, మందులో కలిపే కిరసనాయిలు లాంటి ఘాటు వాసన నూనెను పట్టుకుని వదిలేది కాదు. గురువుగారి మాట మీద ఆ డబ్బా అడుగు మడత కూడా కోసి చూశారు. అసలు మందు అక్కడ ఉంది.

సాక్ష్యం చెప్పడానికి గురువుగారు రాయచూరు వచ్చారు. వెంట నేను. కోర్టు బయట హనుమంతు తువ్వాలులో రొట్టెలు కట్టుకుని నిలబడి ఉండేవాడు. ఆ డబ్బా తెచ్చిన చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు తువ్వాలును నలుపుతూనే ఉండేవాడు. వరండాలో ఆడ పోలీసు పక్కన, ఒళ్ళో పిల్లవాడితో ఈరమ్మ. చిక్కిపోయింది. డబ్బా సంగతంతా వకీలు ఆమెకు చెప్పి ఉన్నాడు. తప్పకుండా బయటికొస్తావు అన్నాను. ఆమె దానికి సంతోషించలేదు. పిల్లవాడి తల నిమురుతూ అడిగింది.

"సరోజక్కా, ఇంకోసారి తోమితే పోతుండెనా?"

నాకు అర్థం కాలేదన్నట్టు చూశాను, కానీ అర్థమైంది.

"ఆ పొద్దు పిలగాడు ఏడుస్తుండె. జల్ది జల్ది తోమిన. ఇంకోసారి బూడిద పెట్టి తోమి ఉంటే మా అత్త బతుకుతుండెనా? నాతోని కొట్లాడేది గని, కాన్పుల నాకు కాళ్ళు పిసికిందక్కా ఆమె."

ఏదో ఒకటి చెప్పి ఓదార్చవచ్చు. కానీ నేను అప్పటికి తోమడం ఎన్నిసార్లన్నది మార్చి చూడలేదు. తెలియనిది తెలుసని చెప్పకూడదన్నది గురువుగారు మాకు మొదట నేర్పిన పాఠం. "నాకు తెలియదు ఈరమ్మా" అన్నాను.

"తెల్సుకొని చెప్తవా?" అంది. చెప్తానన్నాను.

ఆమెను విడిచిపెట్టారు. తీర్పు చదివిన రోజు అవ్వ మా దుకాణంలో అందరికీ బెల్లం పంచింది. మా గురువుగారి దృష్టిలో ఆ భాగం అక్కడితో అయిపోయింది. సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయానికి సరిపడా పని జరిగింది, ఇక ఉప్పునీళ్ళ సంగతి చూడమన్నారు. నేను డబ్బాలు ఇంకా తోమాలన్నాను. ఒకసారి తోమినవి, మళ్ళీ మళ్ళీ తోమినవి, వేడినీళ్ళతో, కుంకుడుకాయతో, సబ్బుతో. దీనివల్ల ఏ ప్రశ్నకు జవాబొస్తుంది అని ఆయన అడిగారు. అది కోర్టు అడిగిన ప్రశ్న కాదు, శాస్త్రం అడిగినది కూడా కాదు. ఎవరడిగారో చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, వెండి ఉప్పు దాచే బీరువా తాళం చెవి తీసి నా చేతికిచ్చారు. ఆ బీరువా తాళం ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఆయన పోయినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ తాళం చెవే.

ఆ చలికాలమంతా తోమాను. చేతులు పగిలాయి. చింతపండు పులుపుకు పగుళ్ళు మండేవి. ఎన్నిసార్లు తోమినా, దేనితో తోమినా, నీళ్ళలో ఏమీ వచ్చేది కాదు, నూనె పోస్తే మచ్చ తేలేది. మడత విప్పి, రేకు పరిచి, లోపల తుడిస్తే తప్ప పలక తెల్లగా రాలేదు. డిగ్రీ చేతికి రావడానికి ఇంకా సమయం పట్టింది గానీ, నా చదువు పూర్తయింది పలక అలా తెల్లగా వచ్చిన రోజే అని ఇప్పటికీ అనుకుంటాను. మర్నాడే సెలవు పెట్టి గోరేబాళ బయల్దేరాను.

ఈరమ్మ ఇంటి ముందు రోలు కడుగుతోంది. నన్ను చూసి చేయి కూడా తుడుచుకోకుండా లేచింది. నేను మంచినీళ్ళు కూడా తాగకుండానే చెప్పాను. ఇంకోసారి కాదు, ఎన్నిసార్లు తోమినా పోదు. నేను తోమినా పోలేదు, మా అవ్వ తోమినా పోదు. నీ తోముడులో లోపం లేదు.

"నువ్వు తోమినవా?" అంది. నా పగిలిన చేతులు చూపించాను. వాటిని తన తడిచేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "గిన్ని దినాలు తోమినవా, అక్కా" అని ఇక ఆపుకోలేక ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాలువ మీది నుంచి వస్తున్న ఆడవాళ్ళు ఆగి, ఎవరు పోయారో అని చూసి వెళ్ళారు.

ఆ మధ్యాహ్నం ఆమె నాకు రొట్టె పెట్టింది. పెట్టేముందు ముక్క తుంచి తాను తిన్నది. నేను ఆశ్చర్యంగా చూస్తే, సంజాయిషీలా కాకుండా మామూలుగా చెప్పింది. "నువ్వెందుకు తినలే అని అడిగిన్రు గదా. ఇగ ఎవ్వరు అడగొద్దు." అది కొన్నాళ్ళు ఉండి పోతుందనుకున్నాను. కోర్టు వదిలేసింది, ఊరు మరచిపోయింది, నా అధ్యాయం అచ్చయి లైబ్రరీలో దుమ్ము పట్టింది. ఆ ముక్క తుంచడం మాత్రం పోలేదు. నేను పెళ్ళి చేసుకుని, ప్రయోగశాలల్లో ఉద్యోగం చేసి, రిటైరై, ఎన్నో కాగితాల మీద సంతకాలు పెట్టాను. 'విషం లేదు' అని నేను రాసిస్తే జడ్జీలు నమ్మేవారు. ఈరమ్మ వంట మీద మాత్రం అటువంటి కాగితం రోజూ రెండు పూటలా ఈరమ్మే రాసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు నా శిష్యుల దగ్గర యంత్రాలున్నాయి. చుక్క వేస్తే గీత గీసి చూపిస్తాయి, ఎండ అక్కర్లేదు. ఎండ్రిన్ అమ్మకం ఏనాడో ఆగిపోయింది. కానీ గోరేబాళ వీధిలో తిరుగుతుంటే అరుగుల మీద కొత్త మందుల ప్లాస్టిక్ క్యాన్లు కనిపించాయి, గట్టి మూతలతో, ఎవరికైనా ఆశ పుట్టేలా. ప్రతి దాని అడుగున వేలు పట్టేంత చిల్లు ఉంది. తిమ్మప్ప నవ్వుతూ చెప్పాడు. మందు అయిపోయిన క్యాను ఎవరింట్లో కనబడినా అమ్మ గడ్డపార తీసుకెళ్ళి పొడిచేసి వస్తుందట. మొదట్లో పోట్లాడేవాళ్ళు, ఇప్పుడు వాళ్ళే పొడుచుకుంటున్నారు. ఊళ్ళో దానికి 'ఈరమ్మ పొక్క' అని పేరు. నా సిద్ధాంత గ్రంథాన్ని చదివినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, కానీ దాని సారాంశం ఆ ఊళ్ళో ఇంటింటి ముందూ ఉంది. నాకు చాలా గర్వంగా అనిపించింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మర్నాడు బయల్దేరే ముందు మళ్ళీ భోజనానికి కూర్చోబెట్టారు. జొన్నరొట్టె, పుంటికూర, పల్లీ కారం, కుసుమ నూనె. కోడలు కంచం తెచ్చి, అలవాటు ప్రకారం ముందు అత్త దగ్గర పెట్టి పక్కకు తిరిగింది. ఈరమ్మ చేయి సాచింది. చూపు తగ్గింది, రొట్టె అంచు దొరకడానికి కొంత ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో నేను కంచం నా వైపు లాక్కుని, పెద్ద ముక్క తుంచి, కారంలో నూనె తేలుతున్న చోట బాగా ముంచి నోట్లో పెట్టుకున్నాను.

"అయ్యో, ఆగక్కా, నేనింక తినలే" అంది ఈరమ్మ.

"నాకు ఆకలైతున్నది" అన్నాను, నోరు నిండా రొట్టెతో. చిన్నప్పుడు పల్లీల కుప్ప మీద మాట్లాడిన భాషే వచ్చింది నాకు. ఇంకో ముక్క తుంచాను. అదీ తిన్నాను.

ఆమె చేయి గాలిలో అలాగే ఉంది. నేను నమలడం వింటున్నట్టు తల కాస్త పక్కకు వంచింది. కాసేపటికి ఆ చేయి కంచం దాకా వచ్చి, కంచం దాటి, పక్కనున్న నూనె గిన్నె మీద ఆగింది.

"ఇంకింత నూనె పొయ్యనా, అక్కా?" అంది.

పొయ్యమన్నాను.